బిషప్ అజరయ్య ఎవరి మనిషి?

మెదక్ చర్చి తెలియని తెలుగువాళ్లు తక్కువ. క్రిస్మస్ వచ్చిందంటే టీవీల్లో అదే, ఫోన్లలో అదే. డోర్నకల్ చర్చికి ఆ పేరు లేదు. కాజీపేట, విజయవాడల మధ్య తిరిగే రైళ్లు డోర్నకల్ జంక్షన్ మీదుగానే పోతాయి. ఆ ఊళ్లో ఒక కెథడ్రల్, అంటే బిషప్ ఉండే పెద్ద చర్చి ఉందని, దాన్ని కట్టించినాయన ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి) శాఖలో మొట్టమొదటి భారతీయ బిషప్ అని రైల్లో కూర్చున్నవాళ్లలో ఎంతమందికి తెలుసో చెప్పలేను. ఆయన పూర్తి పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తమిళుడు. 1912 నుంచి 1945 జనవరి 1న కన్నుమూసేదాకా డోర్నకల్ బిషప్.

ఆయన్ని ఏ గూట్లో పెట్టాలో చాలామందికి అర్థం కాదు. ఇంగ్లండ్ రాజును అధిపతిగా ఒప్పుకున్న చర్చిలో బిషప్ కాబట్టి తెల్లదొరల మనిషి అంటారు కొందరు. తెల్లదొరల ముఖం మీదే వాళ్ల వర్ణ దురహంకారాన్ని ఎత్తిచూపాడు కాబట్టి జాతీయవాది అంటారు ఇంకొందరు. గాంధీతో మతమార్పిడుల విషయంలో గట్టిగా విభేదించాడు కాబట్టి జాతీయోద్యమానికి ఎదురు నిలిచినవాడని మరో మాట. మూడింటికీ కొంత ఆధారం ఉంది, ఏ ఒక్కదానితోనూ మనిషి పూర్తిగా దొరకడు. నా అభిప్రాయం ఇదీ: డోర్నకల్ చుట్టుపక్కల మాల, మాదిగ పల్లెల్లోని సంఘాలు తమ కాళ్ల మీద తాము నిలబడాలన్నదే ఆయనకు అన్నిటికన్నా పెద్ద విషయం. లండన్‌తో గానీ, గాంధీ ఉన్న వార్ధాతో గానీ ఆయన ఎక్కడ ఏకీభవించారో, ఎక్కడ పోట్లాడారో ఆ పల్లెల వైపు నుంచి చూస్తే తెలుస్తుంది.

ముందు బిషప్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పుకోవాలి. ఆంగ్లికన్ చర్చిలో మూడు అంతస్తులు ఉంటాయి: డీకన్, ప్రెస్బిటర్, బిషప్. మన పల్లెల్లో 'అయ్యగారు' అని పిలిచేది ప్రెస్బిటర్‌ని. కొత్తవాళ్లను అయ్యగార్లుగా అభిషేకించే అధికారం బిషప్‌కే ఉంటుంది. బాప్తిస్మం పొందినవాళ్ల తల మీద చెయ్యి ఉంచి కన్ఫర్మేషన్ ఇచ్చేది కూడా ఆయనే. బిషప్ మీద ముందటి బిషప్‌లు చేతులుంచుతారు. అపొస్తలుల కాలం నుంచి ఈ చేతుల వరుస తెగకుండా వస్తోందని ఆంగ్లికన్ల నమ్మకం. ఆయన కింద ఉండే ప్రాంతం డయాసిస్. అందులో ఎవరు ఏ సంఘానికి వెళ్లాలి, ఎవరిని క్రమశిక్షణలో పెట్టాలి అన్నది ఆయన చేతిలో పని.

భారతదేశంలో దీనికి ప్రభుత్వ ముడి కూడా ఉండేది. 1814లో కలకత్తాకు, 1835లో మద్రాసుకు బిషప్‌లను నియమించింది బ్రిటిష్ రాజరికమే. జీతాలు వచ్చింది ఇక్కడి ప్రభుత్వ ఖజానా నుంచే, అంటే మన రైతు కట్టిన శిస్తులోంచి కూడా. సైన్యానికీ, దొరలకూ ప్రార్థనలు జరిపే చాప్లిన్లు ఆ బిషప్‌ల కిందే ఉండేవాళ్లు. ఇలాంటి ఏర్పాటులో ఒక భారతీయుడు బిషప్ అయితే అతని మాట తెల్లవాళ్లు వినాల్సి వస్తుంది. అసలు భయం అదే.

ఆ భయానికి వెనక ఒక చేదు చరిత్ర ఉంది. 1864లో నైజీరియాకు చెందిన శామ్యూల్ క్రౌథర్‌ను ఆంగ్లికన్ చర్చి బిషప్‌ను చేసింది. ఆయన ఒకప్పుడు బానిసగా అమ్ముడుపోయి విడుదలైన మనిషి. పాతికేళ్ల తర్వాత ఇంగ్లండ్ నుంచి వచ్చిన కుర్ర మిషనరీలు ఆయన పాలనలో తప్పులెంచి, ఆయన్ని అవమానించి, అధికారాలు లాగేసుకున్నారు. 1891 చివర్లో క్రౌథర్ చనిపోయాక ఆ స్థానంలో తెల్ల బిషప్‌నే కూర్చోబెట్టారు. 'స్థానికులు ఇంకా సిద్ధంగా లేరు' అనేవాళ్లకు ఆ కథ చాలా ఏళ్లు సాకుగా పనికొచ్చింది. అజరయ్య మీద కూడా దాన్ని ప్రయోగించారు.

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునల్వేలి జిల్లా వెళ్ళాలన్‌విళై అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం పల్లెటూరి అయ్యగారు. కుటుంబం నాడార్ కులం. తాటిచెట్లు ఎక్కే కులమని పై కులాలవాళ్లు గుళ్లలోకి కూడా రానివ్వని రోజులవి. అజరయ్య మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో లెక్కలు చదివారు. చివరి పరీక్షల సమయానికి జబ్బు పడటంతో డిగ్రీ చేతికి రాలేదు. ఆ తర్వాత పద్నాలుగేళ్లు క్రైస్తవ యువకుల సంఘమైన వైఎంసీఏ కార్యదర్శిగా ఊరూరా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను పెళ్లి చేసుకున్నారు. కాలేజీలో చదువుకున్న స్త్రీలు దక్షిణాదిలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే ఉన్న కాలంలో ఆమె కాలేజీ మెట్లెక్కింది. డోర్నకల్ కథలో ఆమె గురించి మళ్లీ చెబుతాను.

1902లో ఆయన సిలోన్‌లోని జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బు వేసుకుని, సొంత మనుషులను సువార్త పనికి వేరే ప్రాంతాలకు పంపుతున్నారు. తిరునల్వేలి సంఘాలు వాళ్లకన్నా పాతవి, పెద్దవి. అయినా అన్నిటికీ ఇంగ్లండ్ వైపే చూస్తూ కూర్చున్నాయి. ఇది ఆయన్ని కలవరపెట్టింది. తిరిగొచ్చి 1903 ఫిబ్రవరిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టారు. విదేశీ డబ్బు తీసుకోకూడదన్నది నియమం. 1905 క్రిస్మస్ రోజున శ్రీరాంపూర్‌లో మొదలైన నేషనల్ మిషనరీ సొసైటీకి కూడా ఆయనే కార్యదర్శి. భారతీయులే మనుషులు, భారతీయులదే డబ్బు, భారతీయులదే నాయకత్వం అన్నది వాళ్ల పట్టుదల. బెంగాల్ విభజన జరిగి స్వదేశీ ఉద్యమం రగులుతున్న ఏడాది అది. చర్చి గోడ లోపల కూడా ఆ గాలి వీచిందని మన చరిత్ర పుస్తకాల్లో ఎక్కడా కనిపించదు, అది నాకు బాధగానే ఉంటుంది.

తిరునల్వేలిలో పెట్టిన ఇండియన్ మిషనరీ సొసైటీ తన పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతం. డోర్నకల్ దానికి కేంద్రమైంది. తిరునల్వేలి పల్లెల్లో పోగైన కానుకలతో తమిళులు వచ్చి ఇక్కడ తెలుగు నేర్చుకుని పనిచేశారు. కార్యదర్శిగా ఉండి ఇతరులను పంపడం చాలదని అజరయ్యకు అనిపించింది. 1909లో వైఎంసీఏ ఉద్యోగం వదిలేసి, అదే ఏడాది డీకన్‌గా, ఆ తర్వాత ప్రెస్బిటర్‌గా అభిషేకం పొంది డోర్నకల్ చేరారు. అప్పటికి ఆయన వయసు 35 ఏళ్లు. తెలుగు కొత్తగా నేర్చుకోవాలి.

మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందలమందికి పైగా ప్రతినిధులు. ఆసియావాళ్లు ఇరవైమంది కూడా లేరు. 1910 జూన్ 20 రాత్రి అజరయ్య మాట్లాడారు. తెల్ల మిషనరీకీ, అతని కింద పనిచేసే భారతీయుడికీ మధ్య స్నేహం లేదని సూటిగా చెప్పారు. ఏళ్ల తరబడి కలిసి పనిచేస్తున్నా ఒకరింటికి ఒకరు పోరు. కలిసి భోంచేయరు. ఒకరు జీతమిచ్చే యజమాని, ఇంకొకరు జీతగాడు. కరచాలనాలు, కుర్చీలు, విందులు వాటికోసమే అడగడం లేదని, అవి స్నేహానికి గుర్తులైతే మాత్రం అవన్నీ, ఇంకా ఎక్కువ కూడా కావాలని అన్నారు.

ముగింపు మాటలు ఇంగ్లిషులో చాలా పేరు పొందాయి. తెలుగు బైబిలు చదివేవాళ్లకు అవి ఎక్కడివో వెంటనే తెలుస్తుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయంలో పౌలు అంటాడు: 'బీదల పోషణకొరకు నా ఆస్తి అంతయు ఇచ్చినను, కాల్చబడుటకు నా శరీరమును అప్పగించినను, ప్రేమలేనివాడనైతే నాకు ప్రయోజనమేమియు లేదు.' అజరయ్య ఆ వాక్యాన్నే మిషనరీల వైపు తిప్పారు. పేదల కోసం మీ ఆస్తి ఇచ్చారు, మీ శరీరాలు కాల్చబడటానికి ఇచ్చారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. మీ త్యాగాన్ని మేం మరచిపోం అంటూనే, పౌలు లెక్క ప్రకారం అది చాలదని చెప్పడం ఇది. సభలో కొందరికి ఒళ్లు మండింది. కాదనడానికి మాత్రం ఎవరికీ దారి లేదు, ఎందుకంటే ఆయన వాదించింది వాళ్లు నమ్మే గ్రంథంతోనే.

ఆయన్ని ఈ విషయం మీద మాట్లాడమని ప్రోత్సహించింది మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్. అజరయ్యను బిషప్ చెయ్యాలని పట్టుబట్టింది కూడా ఆయనే. అడ్డుపడ్డవాళ్లు అందరూ తెల్లవాళ్లే అనుకుంటే పొరపాటు. నాడార్ కులస్థుడు బిషప్ కావడం తమిళనాట కొందరు పై కులాల క్రైస్తవులకు కూడా మింగుడు పడలేదు. తిరునల్వేలిలో అయితే గొడవ పెద్దదయ్యేది. అందుకే మద్రాసు డయాసిస్‌లోంచి చిన్న ముక్క విడదీసి, ఆయన సొసైటీ పనిచేస్తున్న ప్రాంతంలోనే కొత్త డయాసిస్ చేశారు. ఆ మొదటి డయాసిస్‌లో తెల్ల మిషనరీలు చాలా తక్కువ. 1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో అభిషేకం జరిగింది. ప్రెస్బిటర్ అయిన మూడేళ్లకే ఆయన బిషప్.

ఆ చిన్న ముక్కలోనే ఉంచేస్తే ఆయన పేరు ఓ విశేషంగా మిగిలిపోయేదేమో. 1920 తర్వాత పరిస్థితి మారింది. కృష్ణా జిల్లా చుట్టూ చర్చ్ మిషనరీ సొసైటీ సంఘాలు, నంద్యాల, కర్నూలు, కడప వైపు ఎస్‌పీజీ అనే మరో ఆంగ్లికన్ మిషన్ సంఘాలు కూడా డోర్నకల్ కిందికి వచ్చాయి. అంటే బెజవాడ, మచిలీపట్నం వంటి చోట్ల ఎన్నో ఏళ్లుగా పాతుకుపోయిన ఇంగ్లిష్ మిషనరీలు ఒక భారతీయ బిషప్ మాట వినాలి. మొదట్లో టెన్షన్ లేకపోలేదు. కానీ క్రౌథర్‌కు జరిగింది ఇక్కడ జరగలేదు. దానికి వైట్‌హెడ్ అండ కొంత కారణం. అజరయ్య పల్లెల్లో సంపాదించుకున్న బలం అంతకన్నా పెద్ద కారణమని నేను అనుకుంటాను.

పల్లెల కథ ఆయనతో మొదలు కాలేదు, ఇది గుర్తుంచుకోవాలి. మచిలీపట్నంలో చర్చ్ మిషనరీ సొసైటీ 1841లోనే అడుగుపెట్టింది. రాబర్ట్ నోబుల్ పెట్టిన బడి పై కులాల పిల్లల కోసమే నడిచింది, అంటరానివాళ్లకు అక్కడ చోటు లేదు. పై వాళ్లు మారితే కింది వాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారని నోబుల్ ఆలోచన. జరిగింది దీనికి తలకిందులు. రాఘవాపురానికి చెందిన మాల పెద్ద పగోలు వెంకయ్య తనంతట తానే మిషనరీలను వెతుక్కుంటూ వెళ్లి, 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత కుటుంబాలు, పేటలు కదిలాయి. మిషన్లు వ్యూహం వేసింది అగ్రహారాల మీద, పండింది మాలపల్లెల్లో. అజరయ్య ఆ ఉద్యమానికి వారసుడు.

ఆయన చేసిన పని ఆ సంఘాలను నిలబెట్టడం. అదెలాగో కొంచెం దగ్గరగా చూడాలి. ఊరికో పంతులు. ఎక్కువగా అదే వర్గం నుంచి వచ్చి కొంత చదువు నేర్చినవాడు. పగలు పిల్లలకు బడి, సాయంత్రం కూలి నుంచి వచ్చినవాళ్లకు ప్రార్థన. చదువురాని వాళ్లు పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నోటికి నేర్చుకునేవాళ్లు, మిగిలింది కీర్తనలతో సాగేది. అజరయ్య, అన్బు ఎడ్లబండి మీద ఊరూరా తిరిగేవాళ్లు. ఆడవాళ్ల చదువు, ఆరోగ్యం, కుటుంబ జీవితం విషయంలో సంఘాల్లో వచ్చిన మార్పు చాలావరకు అన్బు కష్టం. బిషప్ ఒక్కరే వెళ్తే మాలపల్లె ఆడవాళ్లు ఆయనతో మాట్లాడగలిగేవాళ్లు కాదు. దీన్ని ఆవిడ 'సాయం' అని రాసేస్తారు, నాకది అన్యాయంగా అనిపిస్తుంది.

బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరినీ తన చెయ్యి తన తల మీద పెట్టుకుని ఒక మాట అనమనేవారు ఆయన. ఆ మాట పౌలుదే: 'అయ్యో, నేను సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ.' ఇక్కడ కాస్త ఆగండి. నిన్నటిదాకా ఊరి చివర ఉండి, కరణం ముందు నోరు విప్పలేని మనిషి చేత 'మాట్లాడకపోతే నాకు శ్రమ' అనిపించడం ఇది. సువార్త పని జీతం తీసుకునే మిషనరీది కాదు, నీది అని చెప్పడం. భక్తి సంగతి అలా ఉంచినా, ఒక మనిషికి గొంతు ఇవ్వడంలో దీని బలం ఎంతో ఊహించుకోవచ్చు.

డబ్బు విషయంలోనూ అదే పద్ధతి. కూలినాలి చేసుకునేవాళ్ల దగ్గర చందా ఏమడుగుతారని చాలామంది మిషనరీల వాదన. అజరయ్య ఒప్పుకోలేదు. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఇల్లాలు ఒక పిడికెడు పక్కన కుండలో వేస్తుంది. ఆదివారం అది గుడికి వస్తుంది. కోతపండుగ నాడు ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు కానుకగా తెచ్చి వేలం వేస్తారు. ఈ రెండు అలవాట్లూ తెలుగు సంఘాల్లో ఇప్పటికీ ఉన్నాయి. పిడికెడు బియ్యంతో అయ్యగారి జీతం మొత్తం రాకపోవచ్చు. కానీ అడుక్కునే సంఘం, ఇచ్చే సంఘంగా మారుతుంది. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగింటినీ పల్లెకు శత్రువులుగా చెప్పి, వాటిమీద కూడా గట్టిగానే పోరాడారు.

1912లో ఈ ప్రాంతంలో ఆంగ్లికన్ క్రైస్తవులు 57 వేల లోపే. 1941 నాటికి 2 లక్షల 25 వేలు దాటారు. అందరూ కులం వదిలేసి వచ్చారని చెబితే అబద్ధమవుతుంది. మాలలూ మాదిగలూ ఒకే గిన్నెలోంచి ద్రాక్షారసం తాగడం బిషప్ పట్టుబట్టి సాధించాలనుకున్న విషయం. కొన్నిచోట్ల సాధ్యమైంది, చాలాచోట్ల రెండు పేటలకు రెండు గుళ్లు మిగిలాయి. పెళ్లిళ్ల దగ్గరికి వస్తే కులం కదల్లేదు. ఆయన జీవితంలో అతి పెద్ద అసంపూర్తి పని ఇదే.

డోర్నకల్ కెథడ్రల్ గురించి చెప్పాల్సింది ఇక్కడే. మెదక్ చర్చి 1924లో ప్రతిష్ఠ జరిగిన గోథిక్ కట్టడం. అలాంటివి ఇంగ్లండ్‌లో ఎన్నో ఉన్నాయి. అజరయ్య కావాలనే అలా కట్టలేదు. గుమ్మటాలు, మినార్లు మసీదు పోలికలో, రాతి స్తంభాలు దక్షిణాది దేవాలయ పోలికలో ఉంటాయి. స్తంభాల మీద తామర, ఉమ్మెత్త పువ్వుల చెక్కడాలు ఉన్నాయి. నిజాం రాజ్యంలో, తెలుగు పల్లెల మధ్య, క్రైస్తవుల ఆరాధనా మందిరం చుట్టూ ఉన్న మనుషులకు పరాయిగా కనిపించకూడదన్నది ఆయన ఉద్దేశం. డబ్బు కూడబెడుతూ కట్టడానికి పాతికేళ్లు పట్టింది. 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగ రోజున ప్రతిష్ఠ జరిగింది.

ఆ పాతికేళ్ల చివర్లోనే గాంధీతో వివాదం ముదిరింది. 1935 అక్టోబర్‌లో అంబేడ్కర్ యేవలాలో తాను హిందువుగా చావనని ప్రకటించారు. లక్షలమంది దళితులు ఏ మతంలోకి వెళ్తారన్న ప్రశ్న దేశమంతా రేగింది. ఆంధ్ర ప్రాంతంలో జనం గుంపులుగా క్రైస్తవంలోకి వస్తున్నారని ఇంగ్లండ్‌లో మిషన్ సంస్థలు చందాల కోసం ప్రచారం చేశాయి. ఆ లెక్కలు అతిశయోక్తులని గాంధీ తన 'హరిజన్' పత్రికలో విమర్శించారు. 1936 చివర్లో అమెరికన్ మిషన్ నాయకుడు జాన్ మాట్‌తో మాట్లాడుతూ, మతాల మంచిచెడ్డలు తేల్చుకునే విషయంలో కొందరు అంటరానివాళ్లు ఆవుకన్నా మెరుగు కాదని, ఆవుకు సువార్త చెబుతారా అని అడిగారు. గాంధీ దీన్ని ద్వేషంతో అనలేదు. అమాయకులను ఆశచూపి మార్చుతున్నారన్నది ఆయన బాధ. కానీ ఆ మాట డోర్నకల్‌లో ఎలా వినిపించి ఉంటుంది? తల మీద చెయ్యి పెట్టుకుని పౌలు మాటలు పలికిన కూలీకి మతం తెలియదని అనడమే. అజరయ్య ఇది ఒప్పుకుంటే తన పాతికేళ్ల పని అబద్ధమని ఒప్పుకున్నట్లే.

ఇక్కడితో ఆగితే అజరయ్య గాంధీకి శత్రువని తేల్చేయవచ్చు. కానీ 1932లో ఏం జరిగిందో చూడండి. బ్రిటిష్ ప్రభుత్వం కమ్యూనల్ అవార్డులో భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. క్రైస్తవులు క్రైస్తవులకే ఓటు వేసుకోవచ్చు. అల్పసంఖ్యాక వర్గ నాయకుడు ఎవరైనా సంతోషంగా తీసుకునే బహుమానం. అజరయ్య వద్దన్నారు. అలా చేస్తే చర్చి ఒక రాజకీయ పార్టీ అవుతుందని, రేపు ఎవరికి బాప్తిస్మం ఇచ్చినా ఓట్ల కోసమే ఇచ్చారంటారని ఆయన వాదన. గాంధీతో మతమార్పిడి దగ్గర తెగిన దారం ఇక్కడ కలిసింది. రెండు చోట్లా అజరయ్య కాపాడింది ఒకటే: పల్లె మనిషి తనంతట తాను నిర్ణయించుకున్నాడన్న మాట. గాంధీ ఆ నిర్ణయాన్ని శంకించారు. బ్రిటిష్ వాళ్లు దానికి ఓటు విలువ కట్టారు.

అయితే ఈ నిర్ణయానికి ఒక మూల్యం ఉందనీ చెప్పాలి. 1936లో బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు, క్రైస్తవులైన వాళ్లను ఆ జాబితాలోంచి తప్పించింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు కూడా అదే బాటలో నడిచింది. ప్రత్యేక సీట్లూ లేవు, షెడ్యూల్డ్ కులాల రిజర్వేషన్లూ లేవు. మాల, మాదిగ క్రైస్తవులు ఇప్పటికీ కొట్లాడుతున్న సమస్య ఇది. రాజకీయ రక్షణ లేని పేదవాడి నైతిక స్వేచ్ఛ ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్నకు అజరయ్య దగ్గర సరిపోయే సమాధానం ఉందని నాకు అనిపించదు.

అంబేడ్కర్ అడిగిన ప్రశ్నలకూ ఆయన దగ్గర సమాధానం లేకపోయింది. అజరయ్య జీవితం గురించి రాసినవాళ్లు చెప్పే సంగతి ఇది. మేము క్రైస్తవులమైతే ఎక్కడున్నా అందరం ఒకే చర్చిలో ఉండగలమా, కుల వివక్ష నుంచి పూర్తిగా బయటపడతామా అని అంబేడ్కర్ ఆయన్ని అడిగారట. రెండింటికీ అవునని చెప్పలేకపోయానని, జీవితంలో అంతగా ఎప్పుడూ సిగ్గుపడలేదని అజరయ్య అన్నారట.

రెండో ప్రశ్న సంగతి చూశాం. మొదటి ప్రశ్న ఎంత నిజమో తెలుగు జిల్లాల మ్యాప్ చూస్తే చాలు. మిషన్లు పోటీ పడకుండా ప్రాంతాలు పంచుకున్నాయి. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులవి. గుంటూరు, రాజమండ్రి లూథరన్లవి. మెదక్ వెస్లియన్ మెథడిస్టులది. డోర్నకల్, బెజవాడ ఆంగ్లికన్లవి. మీరు ఏ శాఖ క్రైస్తవులో మీ నమ్మకం తేల్చదు, మీ తాత ఉన్న జిల్లా తేలుస్తుంది. ఒంగోలు నుంచి బెజవాడకు పనికోసం వచ్చిన కుటుంబం రొట్టె, ద్రాక్షారసాల బల్ల దగ్గర పరాయిది అవుతుంది. ఐరోపాలో నాలుగు వందల ఏళ్ల కింద జరిగిన గొడవలకు మన కూలివాళ్లు ఎందుకు విడిపోవాలి?

1919 మేలో తమిళనాట తరంగంబాడిలో 33 మంది సమావేశమై దీనికి దారి వెతికారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే, ముందు నిలిచింది అజరయ్య. చిక్కంతా బిషప్ దగ్గరే ఉంది. చేతుల వరుస తెగకూడదని ఆంగ్లికన్లు అంటారు. బిషప్‌లే లేని ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ శాఖల అయ్యగార్లను ఏ బిషప్పూ అభిషేకించలేదు. వాళ్లకు మళ్లీ అభిషేకం చేస్తే ఇన్నాళ్లూ వాళ్లు ఇచ్చిన సంస్కారాలు చెల్లవని అన్నట్లే. చెయ్యకపోతే ఆంగ్లికన్ నమ్మకం దెబ్బతింటుంది. దీని మీద ఇరవై ఎనిమిదేళ్లు చర్చ నడిచింది. చివరికి కుదిరింది ఇది: ఉన్నవాళ్లను ఉన్నట్లే తీసుకోవాలి. ఇకముందు అభిషేకాలన్నీ బిషప్‌లే చెయ్యాలి. ఏ సంఘం మీదా దానికి ఇష్టంలేని అయ్యగారిని రుద్దకూడదు. ముప్పై ఏళ్లకు మళ్లీ కూర్చుని చూసుకోవాలి. ఇంగ్లండ్‌లో సంప్రదాయవాదులు మండిపడ్డారు. కవి టి.ఎస్. ఎలియట్ 1943లో దీన్ని వ్యతిరేకిస్తూ ఒక చిన్న పుస్తకమే రాశారు.

1927లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో జరిగిన చర్చిల మహాసభలో అజరయ్య అన్నది వాళ్లకు ముందుగానే ఇచ్చిన జవాబు. ఐక్యత మీకు ఒక ఆదర్శం కావచ్చు, మాకు ప్రాణం అన్నారు. క్రైస్తవ దేశాల్లో చీలికలు బలహీనత కావచ్చు, ఇక్కడ మాత్రం అవి పాపం అన్నారు. ఇంగ్లండ్ చర్చితో చట్టపరమైన ముడి 1930లో తెగి, భారత, బర్మా, సిలోన్ చర్చి స్వతంత్రమైంది కాబట్టి ఈ నిర్ణయం ఇక్కడివాళ్లే తీసుకోగలిగారు. ఆ చర్చి జనరల్ కౌన్సిల్ 1945 జనవరిలో కలకత్తాలో సమావేశమై ఐక్యతకు ఓటు వేసింది. అజరయ్య డోర్నకల్‌లో చనిపోయి కొన్ని రోజులే అయింది.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. 1912 నుంచి ఆయన పోయేదాకా, ముప్పై రెండేళ్లలో, ఆంగ్లికన్ చర్చి భారతదేశంలో మరే భారతీయుడికీ ఒక డయాసిస్ అప్పగించలేదు. సహాయ బిషప్‌లుగా కొందరిని చేశారు, అంతే. అజరయ్య విజయాన్ని పొగడటం సులభం, ఆ తలుపు రెండోవాడికి తెరవడం వాళ్లకు కష్టమైంది. ఆయన తర్వాత డోర్నకల్‌కు బిషప్ అయింది కూడా తెల్లవాడే, ఆయన కింద సహాయ బిషప్‌గా పనిచేసిన ఇలియట్.

1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో ఈ శాఖలు కలిసిన దక్షిణ భారత చర్చి, అంటే సీఎస్ఐ పుట్టింది. మెదక్, డోర్నకల్ ఒకే చర్చి అయ్యాయి. లూథరన్లు, బాప్టిస్టులు రాలేదు. అజరయ్య సొంత డయాసిస్‌లోనే నంద్యాల వైపు ఎస్‌పీజీ సంఘాలు ఎక్కువభాగం ఒప్పుకోలేదు. చేతుల వరుస విషయంలో రాజీపడలేమని బయటే ఉండిపోయాయి. కలకత్తా వైపు చూస్తూ వేరుగా నడిచాయి. వాళ్లు సీఎస్ఐలో చేరింది 1975లో.